ఎర్రబడని లోహం

భిలాయి, సెక్టర్ 4
జనవరి మొదటివారం

ప్రియమైన మరిది ఎబెన్‌కి,

మీ వదిన డోర్కాస్ ప్రేమతో రాసే ఉత్తరం. నువ్వూ వెరోనికా ప్రభువు కాపుదలలో చల్లగా ఉన్నారని తలుస్తాను. నువ్వు స్టీలు ప్లాంటు ఫోర్జ్ షాపులో సమ్మెట మోతకి చెవులు పోగొట్టుకున్నాక మన మధ్య ఫోను దండగైపోయింది. నేనిక్కడ అరిస్తే పక్క క్వార్టర్ వాళ్ళు పరుగెత్తుకొస్తారు గానీ నీకు వినబడదు. మెసేజీలైతే నీ కళ్ళకి ఆనవు. అందుకే మళ్ళీ కాగితం, కలం పట్టుకున్నాను. పోస్టాఫీసు కుర్రాడు నన్ను మ్యూజియం వస్తువును చూసినట్టు చూస్తున్నాడు.

మీ అన్నయ్య సంగతి. సెప్టెంబరులో పక్షవాతం వచ్చినప్పుడు నువ్వు వచ్చి చూసి వెళ్ళావు కదా, అప్పటికీ ఇప్పటికీ కాలు కొంత నయం. వాకర్ పట్టుకుని బాత్రూము దాకా వెళ్తున్నారు. కుడి చెయ్యి ఇంకా బరువుగానే ఉంది. మాట మాత్రం రాలేదు. రాలేదు అనడం కూడా తప్పేనేమో. మాటలు నేర్పడానికి పద్మశ్రీ అని ఒకమ్మాయి వారం వారం వస్తుంది. “ఆంటీ, గొంతు బాగానే ఉంది. నాలుక తిరుగుతోంది. తడబడినా మాటలు వస్తాయి. అంకుల్ నోరు తెరవడం లేదంతే” అంది. ఇలాగే ఇంకొన్ని నెలలు కూర్చుంటే, రావలసిన మాట కూడా వెనక్కి వెళ్ళిపోతుందట.

ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నర్సుగా వార్డులో అలాంటివాళ్ళని ఎంతమందిని చూశాను! ఎంతమందిని బతిమాలి, బెదిరించి, జోకులేసి, మంచం దింపి నడిపించాను! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి వచ్చి ఇంట్లో ఓడిపోయాను. అన్నం పెడితే తింటారు. పడుకోబెడితే పడుకుంటారు. లేకపోతే వరండాలో కుర్చీలో కూర్చుని గోడ చూస్తారు. ఆ కళ్ళలో నేను లేను, నువ్వు లేవు, ఎవరూ లేరు.

ఇప్పుడు అసలు పని. వరండాలో ఆ చివరనుంచి ఈ చివరకి వాకర్‌తో నడిపించమన్నారు డాక్టరుగారు. నడవడానికి దారేది? ఆయన యెజ్డీ మోటారుసైకిలు అడ్డంగా నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి వాన జల్లుకి తడిసి ముందు చక్రం బిగుసుకుపోయింది. పక్క క్వార్టర్ మనోజ్‌కుమార్ నీకు గుర్తుండే ఉంటాడు, కాంట్రాక్టులో వెల్డరు. వాడు చక్రం తిప్పబోయి చెమటలు కక్కి, “ఆంటీ, బేరింగ్ పూరా జామ్ హై. గ్యాస్‌తో కట్ చేసి పారేద్దాం, ఖతం” అన్నాడు.

ఎబెన్, ఆ మాట అన్నది మీ అన్నయ్య ఎదురుగానే. తన బండి గుడ్డతో తుడవడానికి కూడా నిన్ను రానిచ్చేవారు కాదు. ప్లాంటు రోల్ షాపులో రుబ్బురోలంత బేరింగులు మార్చిన మనిషి. తన బండిని కోసి పారేస్తామంటే ఆయన కనురెప్ప కదల్లేదు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

కొయ్యనివ్వను. ఆ బేరింగులు ఎలా తియ్యాలో వివరంగా రాయి. మనోజ్ చేస్తాడు, నేను చూసుకుంటాను.

నీ వదిన,
డోర్కాస్

*

తగరపువలస
జనవరి మూడోవారం

ఎంతో ప్రియమైన వదినకి,

ఎబెన్ వందనాలు. నీ ఉత్తరం వెరోనికా నాకంటే ముందు చదివేసి కళ్ళు తుడుచుకుంటూ తెచ్చి ఇచ్చింది. నేను రెండుసార్లు చదివాను. అన్నయ్య గోడ చూస్తూ కూర్చున్నాడంటే నమ్మలేకపోతున్నాను. క్యాంప్ 1లో మనం ముగ్గురం ఒకే గదిలో ఉన్న రోజుల్లో, నువ్వు కొత్త పెళ్ళికూతురివి, అన్నయ్య నోరు నిద్రలో కూడా ఆగేది కాదు. నట్లు, బోల్టులు, ఫోర్‌మేన్‌కి తిట్లు. నువ్వు గోడవైపు తిరిగి చెవుల్లో దూది పెట్టుకునేదానివి. మరిచిపోయావా?

సరే, పని విషయం. బండి ఇంజను కింద ఒక చెక్కపీట పెట్టి ముందు చక్రం గాలిలోకి లేపండి. ఇరుసు లాగెయ్యండి. చక్రం చేతికొస్తుంది. బ్రేకు పళ్ళెం తీసేస్తే నడుమ హబ్బు కనబడుతుంది, అంటే ఇరుసు దూరే ఆ గుండ్రటి భాగం. అందులో అటొకటి ఇటొకటి రెండు బేరింగులు, మధ్యలో ఒక గొట్టం. పైన దుమ్ము మూతా, లాకు రింగూ ఉంటాయి. అవి పట్టకారుతో తీసెయ్యాలి.

తరవాత లోపలి రింగు మీద ఉలి ఆనించి పెద్ద సుత్తితో కొట్టమను. ఒక్కచోటే, గట్టిగా. నాలుగువైపులా తిప్పుతూ మెల్లగా కొట్టాలని ఎవడైనా చెబితే వినొద్దు. అవన్నీ పనికి బద్ధకించేవాళ్ళ మాటలు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, తుప్పు పట్టిన బేరింగు మొండివాడికంటే బలవంతుడు. దయ చూపిస్తే నెత్తికెక్కుతుంది.

ఒక్క షరతు వదినా. చక్రాన్ని మనోజ్ వాళ్ళ షెడ్డుకి తీసుకెళ్ళనివ్వకు. వరండాలోనే, అన్నయ్య కుర్చీకి ఎదురుగా పెట్టి చెయ్యండి. బండి ఆయనది. ఆయనకి తెలియకుండా దానిలో మేకు కూడా కదపకూడదు. ఇది మాత్రం నా మాటగా తప్పకుండా పాటించు.

అన్నయ్య చెయ్యి ఒకసారి నా బదులు నొక్కు. ఎడమ చెయ్యి.

నీ మరిది,
ఎబెన్

*

భిలాయి
ఫిబ్రవరి మొదటివారం

ప్రియమైన ఎబెన్‌కి,

నీ సలహా నమ్ముకుని నిండా మునిగాను. ముందు అది చెప్పి, తరవాత క్షేమ సమాచారాలు రాస్తాను.

చక్రం ఊడదీయడం దాకా బాగానే ఉంది. నువ్వన్నట్టే అంతా ఆయన ఎదురుగా పాత గోనె పరిచి పెట్టాం. మనోజ్ ఉలి ఆనించి, ఒక్కచోటే, పెద్ద సుత్తితో బాదాడు. వాడికే అనుమానం వచ్చి, “ఆంటీ, చుట్టూ తిప్పి కొడదామా?” అన్నాడు. మా మరిది వద్దన్నాడు, బాదు అన్నాను. ఇంకో దెబ్బకి లోపలి రింగు పగిలి ఊడి వచ్చింది. గుండ్లు వరండా అంతా దొర్లాయి. ఇప్పటికీ చీపురుకి ఒకటీ అరా తగులుతూనే ఉన్నాయి. బయటి రింగు మాత్రం హబ్బులోనే అతుక్కుపోయి కూర్చుంది. దాన్ని పట్టుకోవడానికి అంచు లేదు, కొట్టడానికి ఆధారం లేదు. మనోజ్ లోపలికి తొంగిచూసి, “అబ్ ఏటి చేద్దాం?” అన్నాడు. మింగలేక కక్కలేక ఉంది మా పరిస్థితి. మొదటిదే ఇలా అయితే రెండోదాని జోలికి ఎలా వెళ్తాం!

మీ అన్నయ్య మొదటి దెబ్బకి కళ్ళు గట్టిగా మూసుకున్నారు. చప్పుడుకి అనుకున్నాను. మళ్ళీ కొడుతుంటే ఎడమ చేత్తో కుర్చీ చెయ్యిని కొట్టారు. రింగు పగిలినప్పుడు నావైపు ఒక చూపు చూశారు. పెళ్ళయిన కొత్తలో ఆయన కొలత టేపుతో నేను జాకెట్టుకి కొలతలు తీసుకుంటుంటే చూసిన చూపు అది. మధ్యాహ్నం అన్నం కలిపి పెడితే కంచం తోసేశారు. సాయంత్రం బీపీ చూస్తే పెరిగి ఉంది. మందు వేసి పడుకోబెట్టాను.

నిజం చెప్పనా ఎబెన్? ఇన్ని నెలలుగా ఆ ముఖంలో ఏమీ లేదు. ఆవేళ కోపం ఉంది. సంతోషించాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి ఊరికే గిన్నెలు సర్దాను.

కానీ ఆయన్ని బాధపెట్టే పని నాకొద్దు. చక్రం మూలన పెట్టించాను. మనోజ్‌కి వీలైనప్పుడు బండిని ఎత్తించి పెరట్లో పెట్టించేస్తాను. ఇంతటితో వదిలేద్దాం.

వెరోనికా మోకాళ్ళ నొప్పికి నేను చెప్పిన కాపడం పెడుతోందా?

నీ వదిన,
డోర్కాస్

*

తగరపువలస
ఫిబ్రవరి రెండోవారం

మా మంచి వదినకి,

ఎబెన్ వందనాలు. కోపగించుకోకు. నీ ఉత్తరంలో నాకు నచ్చిన ముక్క ఒకటే. కంచం తోశాడా! ఏ చేత్తో తోశాడు? కొంచెం జరిపాడా, లేక అన్నం కిందపడేలా తోశాడా? ఇవన్నీ రాయకుండా కాపడం గురించి రాశావు. కాపడం పెడుతోంది, నొప్పి తగ్గింది, నిన్ను దీవిస్తోంది.

పనిని సగంలో వదలకూడదు వదినా. రింగు అంచు దొరక్కపోతే దానికీ ఉపాయం ఉంది. వేడి. లోహం కాలితే పెరుగుతుంది, పెరిగితే వదులవుతుంది. ముప్పై ఏళ్ళు ఆ ప్లాంటులో మనందరం బతికింది దానిమీదే. మనోజ్ దగ్గర గ్యాస్ టార్చి ఉంటుంది. దాంతో హబ్బుకి మంట పెట్టమను. బెదరొద్దు. ఎర్రటి రంగు వచ్చేదాకా మంట తియ్యొద్దు. రంగు రానిదే ఏ లోహమూ మాట వినదని మన ఉస్తాదులు చెప్పేవారు. చెర్రీపండులా ఎర్రబడ్డాక ఒక్క దెబ్బ కొడితే రింగు జారిపడుతుంది.

ఈసారి రెండు షరతులు. మొదటిది, ఆవేళ పొద్దున అన్నయ్య బీపీ చూడు. ఎక్కువుంటే పని వాయిదా వెయ్యి. రెండోది, మంట వెలిగించేముందు ఈ ఉత్తరం ఆయనకి గట్టిగా చదివి వినిపించు. మాట్లాడకపోతేనేం, చెవులు నాకంటే శుభ్రంగా ఉన్నాయి. తన బండికి ఏం జరగబోతోందో తెలుసుకునే హక్కు ఆయనకి ఉంది. ‘రంగు వచ్చేదాకా’ అన్నచోట ఆగి, ఇంకోసారి చదువు.

నా మాట ఈ ఒక్కసారి విను. ఇది కూడా చెడితే ఇంక జన్మలో నీకు సలహా ఇవ్వను.

నీ మరిది,
ఎబెన్

*

భిలాయి
ఫిబ్రవరి చివర

ఒరే ఎబెన్,

నీకు ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తరవాత చూద్దాం.

శనివారం పొద్దున బీపీ బాగానే ఉంది. ఇడ్లీ తిన్నారు. చక్రాన్ని గోనెమీద పెట్టి, మనోజ్ సిలిండర్లు తోసుకొచ్చి గొట్టాలు బిగిస్తుంటే, నేను ఆయన పక్కన పీట వేసుకుని నీ ఉత్తరం చదివాను. చర్చిలో వాక్యం చదివినట్టు గట్టిగా చదివాను. ‘రంగు వచ్చేదాకా’ అన్నచోట ఆగి మళ్ళీ చదివాను. ఆయన ఎడమ చెయ్యి కుర్చీ చెయ్యిని పట్టుకుంది.

మనోజ్ మంట వెలిగించాడు. ఆ బుస్సుమనే చప్పుడు నీకు తెలుసు కదా. మంట సన్నబడి నీలంగా అయింది. చక్రం దగ్గరికి వచ్చింది.

“ఆపండొరే!”

ఎవరో వీధిలోంచి అరిచారనుకున్నాను. తిరిగి చూస్తే మీ అన్నయ్య లేచి నిలబడి ఉన్నారు. వాకర్ లేదు. ఎడమ చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, ఒళ్ళంతా వణుకుతూ నిలబడ్డారు. గొంతు తుప్పు పట్టిన తలుపులా ఉంది. “రంగు... రాదు. అది... ఇనుం కాదు. అల్మీనం! అల్మీనం... ఎర్రబడదొరే. కరిగి... పోద్ది!”

మంట ఆరిపోయింది. నేను నేలమీద కూలబడి ఏడ్చాను, ఎబెన్. మూడు పదుల ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని, పడిపోకుండా ఆయన్ని పట్టుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాను. మనోజే పరుగెత్తి పట్టుకుని కూర్చోబెట్టాడు. కూర్చున్నాక ఇంకా ఊపిరి ఆడకుండానే, “ఎబెన్‌గాడు... ఉత్త... గాడిద” అన్నారు. అయిదు నెలల తరవాత ఇంట్లో వినబడిన మాటల్లో నీకు దక్కింది అది. ఫ్రేము కట్టించి పెట్టుకో.

ఆ తరవాత సంగతి విను. ఆదివారం ఆరాధన నుంచి రాగానే, “మనోజ్” అని కేక. గోడ అవతలి నుంచి వాడు అన్నం చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. మీ అన్నయ్య ఎడమచేతి వేలితో గాలిలో చిన్న సున్నా చుట్టారు. “లోపల. రింగుకి. వెల్డింగు... చుట్టూ.” మనోజ్‌కి చప్పున వెలిగింది. “అంకుల్! హబ్బుకి కాదు, రింగు లోపలే చుట్టూ కుట్టులా వెల్డింగు పెట్టాలి, అంతేనా?” తల ఊపారు. హబ్బు చుట్టూ తడిగుడ్డ చుట్టమన్నారు, అదీ సైగతోనే. వాడు అలాగే చేశాడు. చేశాక సుత్తి ఎత్తబోతే, “వద్దు. చల్లారనీ” అన్నారు. ముగ్గురం టీ తాగాం. వెల్డింగు చల్లారుతూ ముడుచుకుంటుందట, దాంతోపాటు రింగునీ లోపలికి లాక్కుంటుందట. తరవాత మనోజ్ చక్రాన్ని ఎత్తి కొంచెం వంచాడు. అంత మొండికేసిన రింగు దానంతటదే జారి గోనెమీద పడింది. సుత్తి దెబ్బ లేదు, ఉలి లేదు. మనోజ్ ఆయన కాళ్ళకి దండం పెట్టబోతే, “లే... లే” అని విసుక్కున్నారు.

పద్మశ్రీ వచ్చి మాట్లాడించింది. ఆమె చూపించే ఏనుగు, గొడుగు బొమ్మలకి ఇప్పటికీ నోరు తెరవరు. మనోజ్ స్పానర్ చూపిస్తే మాత్రం దాని సైజుతో సహా చెబుతారు. తప్పులు, తడబాట్లు, మధ్యలో కోపాలు. అయినా మాట.

ఇప్పుడు నీ సంగతి. ముప్పై ఏళ్ళు ప్లాంటులో చేసినవాడివి, బండి హబ్బు అల్యూమినియం అని నీకు తెలియదా? ఆయన అరవకపోతే ఏమయ్యేది? ఫోర్జ్ షాపులో చెవులతో పాటు బుర్ర కూడా పోగొట్టుకున్నావా? జవాబు రాయి.

డోర్కాస్

*

తగరపువలస
మార్చి మొదటివారం

ప్రియమైన, ప్రియమైన, ప్రియమైన వదినకి,

నువ్వు మానేసినవి కూడా కలిపి రాశాను.

నీ ఉత్తరం ‘ఆపండొరే’ దాకా చదివి ఇంక చదవలేక వెరోనికాకి ఇచ్చాను. ఆమె నా చెవి దగ్గర నోరు పెట్టి మిగతాది అరిచి చదివింది. వీధి వీధంతా వింది. గాడిద అన్నచోట నేను లేచి గంతులేశాను. ఈ వయసులో గంతులేస్తే నడుం పట్టేస్తుంది, పట్టేసింది.

తెలుసు వదినా. హబ్బు అల్యూమినియమని తెలుసు. బేరింగుని ఒక్కచోటే బాదితే పగులుతుందనీ తెలుసు. చుట్టూ తిప్పుతూ కొట్టాలని నాకు నేర్పినవాడే అన్నయ్య.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఫోర్జ్ షాపుకి మారకముందు, నేను కొత్తగా చేరినప్పుడు, అన్నయ్య పనిచేసే రోల్ షాపులో శంకరరావు ఉస్తాద్ అని ఉండేవాడు. ఫోర్‌మేన్ పదిమందిలో ఒక మాట అన్నాడని అలిగి, ఎవరితోనూ మాట్లాడ్డం మానేశాడు. డ్యూటీకి వచ్చి స్టూలుమీద కూర్చుని నేల చూసేవాడు. అధికారులు బతిమాలారు, యూనియన్ వాళ్ళు బతిమాలారు. లాభం లేదు. అన్నయ్య ఒకరోజు ఉస్తాద్ ఎదురుగా కూర్చుని బేరింగుని తిరగేసి బిగించడం మొదలుపెట్టాడు. చాలా శ్రద్ధగా, పాట పాడుకుంటూ. ఉస్తాద్ కాసేపు ఓర్చుకున్నాడు. తరవాత లేచి అన్నయ్య వీపుమీద ఒక్కటిచ్చి, “గాడిదా, ఏటి చేస్తన్నావురా!” అన్నాడు. ఆరోజు నుంచి మామూలు మనిషయ్యాడు. ఆ తరవాత మా షాపులో అదొక ఆనవాయితీ అయిపోయింది. ఉస్తాద్ అలిగితే బుజ్జగించకూడదు. ఎదురుగా కూర్చుని పని తప్పుగా చెయ్యాలి. బుజ్జగిస్తే తను పనికిరానివాణ్ణయ్యానని అనుకుంటాడు. తప్పు చేస్తే తను లేకపోతే వీళ్ళు చెడిపోతారని అనుకుంటాడు. ఇది నాకు అన్నయ్యే చెప్పాడు.

నీకు ముందే చెప్పొచ్చు. చెప్పలేదు. నీ ముఖంలో ఏదీ దాగదు వదినా, అన్నయ్య ఇట్టే పట్టేస్తాడు. నువ్వు నిజంగా నమ్మి చేస్తేనే ఆయన నమ్ముతాడు. అందుకని నిన్ను మోసం చేశాను. క్షమించు.

ఒకవేళ ఆయన అరవకపోతే? రాత్రుళ్ళు అదే ఆలోచన. హబ్బు కరిగిపోయేది, బండి పాడయ్యేది. ఆ బండంటే అన్నయ్యకి ప్రాణం, నాకూ ప్రాణమే. అయినా పోతే పోనీ అనుకున్నాను. బండి లేకుండా అన్నయ్య ఉన్నా ఫరవాలేదు. అన్నయ్య లేకుండా ఆ బండి వరండాలో నిలబడి ఉంటే నేను చూడలేను. కుర్చీలో కూర్చున్నాడు గానీ ఆయన అప్పటికే లేనట్టే కదా వదినా?

ఇది ఆయనకి చదివి వినిపిస్తావో, దాస్తావో నీ ఇష్టం.

మీ ఎబెన్

*

భిలాయి
మార్చి మూడోవారం

ప్రియమైన ఎబెన్‌కి,

క్షమించాను. ఇప్పుడు నువ్వు కూర్చుని చదువు. గంతులు వెయ్యొద్దు.

నా ముఖంలో ఏదీ దాగదని రాశావు. చావబోయేవాళ్ళ మంచం పక్కన నిలబడి, రేపు ఇంటికెళ్ళిపోతావు అని నవ్విన ముఖం నాయనా ఇది. మీ అన్నదమ్ములిద్దరూ ఇన్నేళ్ళూ ఏం చూశారో నాకు తెలియదు.

నువ్వు ఆ మంట ఉత్తరం రాసేటప్పటికే నేను హబ్బుని చింతపండు పెట్టి తోమి ఉన్నాను. జిడ్డు వదిలాక అది ఏ లోహమో నాకు చెప్పడానికి ఉస్తాద్ అక్కర్లేదు. అల్యూమినియం గిన్నె పొయ్యిమీద పెట్టి మరిచిపోయి, అడుగు జారిపోవడం చూడని ఆడది ఉంటుందా? అది ఎర్రబడదు. చెప్పాపెట్టకుండా కరుగుతుంది. నీ ఉత్తరం చదివి, వీడు తెలియకైనా రాసి ఉండాలి, కావాలనైనా రాసి ఉండాలి అనుకున్నాను. ఎలా రాసినా నాకు ఒకటే. మొదటిసారి సుత్తి దెబ్బలకి ఆయన ముఖంలో వచ్చిన కోపం నేను చూశాను. ఆ కోపం నాకు ఇంకోసారి కావలసి వచ్చింది.

మనోజ్ మంట వెలిగించాడని రాశాను, అది నిజం. వెలిగించి, చక్రాన్ని చూసి, “ఆంటీ, యే తో అల్యూమినియం హై” అని గొణిగాడు. నోరు మూసుకోమని కళ్ళతోనే చెప్పి, టార్చి నేను తీసుకున్నాను. చక్రానికి మంట పెట్టింది నేను, ఎబెన్. దూరంగా పట్టుకుని బెదిరించలేదు. నిజంగానే పెట్టాను. పెట్టి, లోహాన్ని చూడలేదు, ఆయన్నే చూశాను. ఆయన నోరు కదిలింది, మాట రాలేదు. మళ్ళీ కదిలింది. ‘ఆపండొరే’ అనేసరికి హబ్బు అంచు ఒకచోట బొటనవేలంత మేర కరిగి జారిపోయింది. అది నీకు రాయలేదు; ఎవరో వీధిలోంచి అరిచారనుకున్నానని రాసింది కూడా అబద్ధమే. ఆయన చూడకుండా ఆ వైపు గోడకి తిప్పి పెట్టాను.

మొన్న నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. శంకరరావు ఉస్తాద్ పేరు రాగానే ఆయన భుజాలు కదిలాయి. నవ్వు. సగం ముఖమే నవ్వింది, అది చాలు. ‘బండి పోతే పోనీ’ అన్నచోట నవ్వు ఆగింది. చక్రం తెమ్మని చెయ్యి చాపారు. తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఎడమచేతి వేళ్ళతో హబ్బు అంచు చుట్టూ తడుముకుంటూ వచ్చి, సరిగ్గా అక్కడ ఆగారు.

“మంట... నువ్వే... కదా?”

“నేనే.”

“గిన్నెలు... తోముతావు. అల్మీనం... తెలీదా?”

“తెలుసండీ.”

ఆ జారినచోట వేలు అలాగే ఉంచారు. తిడతారని సిద్ధంగా ఉన్నాను. తిట్టినా మాటే కదా, వినడానికి ఆశగానే ఉన్నాను. అప్పుడు తల ఎత్తి నావైపు చూసి అడిగారు.

“పని చెయ్యలేనోణ్ణి. నన్నేటి చేసుకుంటావు?”

ఎబెన్, ఆయన ఈ మధ్య అన్న ప్రతి మాటా తడబడుతూ, ముక్కలు ముక్కలుగా వచ్చింది. మంచినీళ్ళు అడగడానికి కూడా మధ్యలో రెండుసార్లు ఆగుతారు. ఈ ఒక్క మాట మాత్రం ఎక్కడా ఆగకుండా, ఒక అక్షరం కూడా జారకుండా వచ్చింది. ఆ నెలలన్నీ గోడ చూస్తూ, నోరు మూసుకుని, లోపల ఆయన చెప్పుకుంటూ కూర్చున్నది అదేనని నాకు అప్పుడు తెలిసింది. పక్కనే ఉన్నాను. రోజూ బీపీ చూశాను. అది మాత్రం నాకు కనబడలేదు.

నేనేం జవాబు చెప్పానో నీకు రాయను. నువ్వూ వెరోనికా బయలుదేరి రండి. వచ్చి మీ అన్నయ్యనే అడుగు, ఆయనే చెబుతారు.

ప్రేమతో, నీ వదిన,
డోర్కాస్